హెల్మెట్ పెట్టుకుంటే తలనొప్పి వస్తోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: నమస్కారమండీ. మాది హిందూపురం. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో ఉంటున్నాం. రోజూ మా వారు నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లి, ఔటర్ రింగ్ రోడ్డులో బెళ్లందూరు దగ్గర మా ఆఫీసులో దింపుతారు. ఆయన ఆన్‌లైన్‌లో ఐదున్నర వేలు పెట్టి ఫుల్ ఫేస్ హెల్మెట్ తెప్పించుకున్నారు. అది లూజు. ఆయన తల తిప్పినా హెల్మెట్ అలాగే ఉండిపోతుంది. అయినా గాలి ఆడుతుందని అదే పెట్టుకుంటారు. నాకు మాత్రం టిన్ ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు పక్కన మూడు వందలకు టోపీ లాంటిది కొనిచ్చారు. "వెనక కూర్చునేవాళ్లకు పోలీసులు ఆపకుండా ఉంటే చాలు, ఈ ట్రాఫిక్‌లో బండి ముప్పై కూడా దాటదు" అంటారు. ఈ మధ్య నేనే ఒక ఫుల్ ఫేస్ కొనుక్కున్నాను. అది పెట్టుకున్న పావుగంటకే నుదురు పగిలిపోతున్నంత నొప్పి. జుట్టు కూడా బాగా రాలుతోంది. మా తమ్ముడు తన పాత హెల్మెట్ ఇస్తానంటున్నాడు. మంచి కంపెనీదే. ఒకసారి బండి మీద నుంచి పడ్డాడు గానీ దానికి పెద్దగా ఏమీ కాలేదు. తీసుకోవచ్చా? ఏది కొనాలి, ఎలా చూసి కొనాలి, వాసన రాకుండా ఎలా ఉంచుకోవాలి? మా బాబుకు ఆరేళ్లు. వాణ్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని స్కూలుకు తీసుకెళ్తారు. వాడికీ హెల్మెట్ కావాలా?
ఒక సోదరి, కె.ఆర్.పురం

సమాధానం: అమ్మా, మీరు ప్రశ్నగా అడగకుండా మధ్యలో చెప్పి వదిలేసిన విషయంతో మొదలుపెడతాను. మీ వారి హెల్మెట్ లూజు అన్నారు. తల తిప్పినా అది తిరగడం లేదన్నారు. అలాంటి హెల్మెట్ ఆయనకు పనికిరాదు. ఐదున్నర వేలు పోసినా, పెద్ద కంపెనీ అయినా, పడేటప్పుడు తల మీద నిలవని హెల్మెట్ వల్ల ఏం లాభం? హెల్మెట్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది కొలత, తర్వాత బెల్టు. కంపెనీ, ధర, రంగు వాటి తర్వాతే. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

హెల్మెట్ లోపల జరిగేది తెలిస్తే ఆయనకు కూడా ఇది సులువుగా అర్థమవుతుంది. పైన కనిపించే గట్టి డిప్ప, లోపల చెంపలకు తగిలే మెత్తటి గుడ్డ, ఈ రెండింటి మధ్య అరచేతి మందాన తెల్లటి లేదా నల్లటి థర్మోకోల్ ఉంటుంది. అసలు పని దానిదే. తల నేలకు తగిలినప్పుడు పుర్రె ఒక్కసారిగా ఆగిపోతుంది. లోపల మెదడు మాత్రం ఇంకా ముందుకు కదులుతూనే ఉంటుంది. ప్రాణం తీసేది ఆ కుదుపే. థర్మోకోల్ నలుగుతూ, తల ఆగే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. ఆ కొన్ని మిల్లీసెకన్ల కోసమే మనం డబ్బు పెడుతున్నాం. కొత్త టీవీ పెట్టెలో థర్మోకోల్ దిమ్మెలు టీవీని కదలకుండా పట్టి ఉంచితేనే అది క్షేమంగా ఇంటికి చేరుతుంది. వాటి మధ్య ఖాళీ ఉంటే పెట్టె బాగానే ఉంటుంది, టీవీ పగులుతుంది. తలకూ హెల్మెట్‌కూ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉన్నా ఇదే జరుగుతుంది. పైగా లూజు హెల్మెట్ మొదటి దెబ్బకే ఊడి దూరంగా పడుతుంది, రెండో దెబ్బ వట్టి తలకు తగులుతుంది.

ఇక "బండి ముప్పై కూడా దాటదు" అనే మాట. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న స్కూటర్ మీద నుంచి మనిషి పక్కకు ఒరిగి పడ్డాడనుకోండి. తల ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి నేలకు వచ్చేసరికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు అవుతుంది. బండి అసలు కదలకపోయినా ఇంత. యూరప్ వాళ్ల ఈసీఈ 22.05 ప్రమాణంలో హెల్మెట్‌ను ఇనుప దిమ్మె మీద పడేసి పరీక్షించే వేగం సెకనుకు 7.5 మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడమనండి. నెమ్మదిగా వెళ్తున్నాం కదా అని హెల్మెట్‌ను తేలిగ్గా తీసుకోవడానికి ఎక్కడా చోటు లేదు. మీరు వెళ్లే ఔటర్ రింగ్ రోడ్డులో మెట్రో పనుల వల్ల రోడ్డు ఒక చోట ఉన్నట్టు మరో చోట ఉండదు. కంకర, తడి మట్టి, రాత్రికి రాత్రి జరిగే బ్యారికేడ్లు. బండి జారేది అక్కడే.

వెనక కూర్చునేవాళ్లకు టోపీ చాలన్న మాట నాకు అన్నిటికంటే బాధగా అనిపించింది. బండి నడిపే మనిషికి చేతుల్లో హ్యాండిల్ ఉంటుంది, ముందున్న గుంత కనిపిస్తుంది, బ్రేక్ ఎప్పుడు వేయబోతున్నాడో అతనికే తెలుసు. వెనక కూర్చున్న మీకు ఇవేవీ లేవు. ఒళ్లో ల్యాప్‌టాప్ బ్యాగు, ఒక చెయ్యి చున్నీ మీద, ఒక చెయ్యి ఆయన భుజం మీద. ముందు ఎగిరి పడేది మీరే కావచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. కర్ణాటకలో 2016 జనవరి నుంచి వెనక కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరి చేసింది ఊరికే కాదు.

మీ వారు దీన్ని పోలీసుల వ్యవహారంగా చూస్తున్నారు కాబట్టి ఇంకో సంగతి చెబుతాను. హెల్మెట్ మీద మొదట గట్టిగా పట్టుబట్టింది వైద్యులు. 1935 మేలో ఇంగ్లండ్‌లో, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనకు వైద్యం చేసినవాళ్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన ఆ తర్వాత సైన్యంలో బండ్ల మీద ఉత్తరాలు మోసే సిపాయిల తల గాయాలను పరిశీలించి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. బ్రిటిష్ సైన్యం తన మోటార్‌సైకిల్ సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది ఆ ఏడాదే. మన బెంగళూరులోనే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మెదడు, నరాల ఆసుపత్రి ఉంది. తలకు దెబ్బ తగిలినవాళ్లను కర్ణాటక నుంచే కాదు, మన అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా అక్కడికే తీసుకొస్తారు. హెల్మెట్ మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, అది మరణాల ముప్పును సుమారు 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఆ టోపీ లాంటిది చెవులను కూడా కప్పదు, దవడను అసలే కప్పదు. దాన్ని మీరు ఇక పెట్టుకోకండి.

మీ తలనొప్పికి వద్దాం. నొప్పి నుదుటి మీదే ఒకచోట, పెట్టుకున్న పావుగంటకే వస్తోందంటే అది హెల్మెట్ బరువు వల్ల వచ్చేది కాదు. నూటికి తొంభై పాళ్లు అది ఆకారం కుదరకపోవడం. మనుషుల తలలన్నీ ఒక్కలా ఉండవు. కొందరి తల పైనుంచి చూస్తే గుండ్రంగా, కొందరిది ముందు నుంచి వెనక్కి పొడవుగా, చాలామందిది మధ్యస్థంగా ఉంటుంది. పొడవు తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు, వెనక భాగం నొక్కుకుపోతాయి, చెవుల పైన ఖాళీ మిగులుతుంది. గుండ్రటి తలకు పొడవాటి హెల్మెట్ పెడితే కణతలు నొప్పి పుడతాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకం అనిపిస్తోంది. చాలామంది ఇక్కడ చేసే పని, నొప్పి వస్తోందని ఇంకో సైజు పెద్దది కొనడం. అప్పుడు నొప్పి పోతుంది, హెల్మెట్ మీ వారి దానిలాగే లూజవుతుంది. మార్చాల్సింది సైజు కాదమ్మా, మోడల్. అదే సైజులో వేరే కంపెనీది, లేదా అదే కంపెనీలో వేరే మోడల్ పెట్టి చూడండి.

కొనడానికి వెళ్లేముందు ఇంట్లో బట్టలు కొలిచే మెత్తటి టేపుతో తల కొలుచుకోండి. కనుబొమలకు సుమారు 2.5 సెంటీమీటర్ల పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట చుట్టి చూడాలి. రెండు మూడు సార్లు కొలిచి, వాటిలో పెద్ద అంకె రాసుకోండి. సాధారణంగా 57, 58 సెంటీమీటర్లు వస్తే మీడియం, 59, 60 వస్తే లార్జ్ అంటారు. కానీ దీన్ని పట్టుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్‌కు సమానం కావచ్చు. ప్రతి హెల్మెట్ పెట్టె మీదా, లోపలి లేబుల్ మీదా సెంటీమీటర్లలో గానీ మిల్లీమీటర్లలో గానీ కొలత ఉంటుంది, అక్షరాన్ని వదిలేసి ఆ అంకెను చూడండి. మొదటి హెల్మెట్‌ను మాత్రం దుకాణానికి వెళ్లి తలకు పెట్టుకుని చూశాకే కొనాలని నా పట్టుదల. జేసీ రోడ్డులో బండి సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి. అంత దూరం వద్దనుకుంటే మీ వైపు కూడా హెల్మెట్లు, జాకెట్లు మాత్రమే అమ్మే షాపులు వచ్చాయి. నాలుగు కంపెనీలవి ఒకేచోట ఉన్న షాపుకు వెళ్లండి, రద్దీ లేని వేళ చూసుకోండి.

అక్కడ తొందరపడకండి. రెండు పక్కలా బెల్టులు పట్టుకుని బయటికి లాగుతూ హెల్మెట్‌ను తలలోకి దించుకోవాలి. కొత్తది దిగేటప్పుడు చెవులకు రాసుకుంటూ కొంచెం ఇబ్బందిగానే దిగుతుంది, దిగాలి కూడా. దిగాక అద్దంలో చూసుకోండి. ముందు అంచు కనుబొమలకు కాస్త పైనే ఉండాలి, నుదురంతా బయటకు కనిపించకూడదు. చెంపలు కొంచెం లోపలికి నొక్కుకుని ఉండాలి. మాట్లాడబోతే చెంపల లోపలి వైపు పళ్లకు తగిలేంత బిగువు ఉంటే అది సరైన బిగువు. ఆ మెత్తలు వాడేకొద్దీ రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి, కాబట్టి షాపులోనే హాయిగా ఉన్నది నెల తిరిగేసరికి లూజవుతుంది. చెంపల బిగువుకు భయపడకండి. నుదుటి మీద, కణతల మీద ఒకేచోట గుచ్చుకునే నొప్పికి మాత్రం భయపడండి. అది రోజులు గడిచినా తగ్గదు.

ఇప్పుడు బెల్టు పెట్టుకోండి. గడ్డం కొస మీద కాకుండా, దవడ కింద గొంతుకు దగ్గరగా రావాలి, మధ్యలో రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని పక్కలకు తిప్పండి. హెల్మెట్‌తో పాటు చెంపల చర్మం, కనుబొమలు కూడా కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది మీ సైజు కాదు. ఆ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. మీ వారిని మీ వెనక నిలబెట్టి, హెల్మెట్ వెనక అంచు కింద చేతులు పెట్టి పైకీ ముందుకీ గట్టిగా తోయమనండి. బెల్టు పెట్టి ఉండగా అది మీ కళ్ల మీదకు దొర్లి ఊడివచ్చేలా ఉంటే, ఎంత అందమైనదైనా అక్కడే పెట్టేసి రండి. ఈ పరీక్ష ఆయన హెల్మెట్‌కూ ఇంట్లోనే చేయండి. నేను ఎంత చెప్పినా నమ్మని మనిషి తన హెల్మెట్ తన చేతికి ఊడివస్తే నమ్ముతాడు. ఆయనది రిటర్న్ గడువు దాటిపోయి ఉంటే, ఆ మోడల్‌కు మందమైన చెంప మెత్తలు విడిగా దొరుకుతాయేమో ఆ కంపెనీ షాపులో అడగొచ్చు. పైన కిరీటం భాగంలో కూడా లూజు ఉంటే మెత్తలతో పని జరగదు, మార్చాల్సిందే.

చివరగా, నచ్చినదాన్ని తలకు పెట్టుకుని షాపులోనే పది పదిహేను నిమిషాలు ఉండండి. మీకు నొప్పి మొదలయ్యేది పావుగంటకే కదా, కాబట్టి ఆ సమయం గడవకుండా డబ్బు కట్టకండి. తీశాక నుదుటి మీద ఒకచోట ఎర్రటి మచ్చ పడితే అది వద్దు. కళ్లజోడు ఉంటే అది పెట్టుకుని చూడాలి. కళ్లజోడు కాళ్లు దూరడానికి మెత్తల్లో గాడి ఉన్న మోడళ్లు దొరుకుతాయి. నుదురు నొప్పికి హెల్మెట్‌తో పాటు కళ్లజోడు కూడా కారణం కావచ్చు. ఇంకో మాట, ఆడవాళ్లు ముఖానికి చున్నీ నాలుగు మడతలు చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టుకోవడం బెంగళూరులో రోజూ చూస్తుంటాను. దుమ్ముకు, ఎండకు భయపడి చేసేదే, అర్థం చేసుకోగలను. కానీ చున్నీ ముడి తల వెనక పడితే అక్కడ నొక్కుకుని తలనొప్పి వస్తుంది, బట్ట జారుడు వల్ల హెల్మెట్ కూడా కదులుతుంది. దుమ్ము ఆపాలనుకుంటే సన్నటి కాటన్ ముసుగు దొరుకుతుంది, అది వాడండి. షాపులో కొలత చూసుకునేటప్పుడు కూడా అది తొడుక్కునే చూడండి.

లాక్ విషయంలో మూడు రకాలు కనిపిస్తాయి. రెండు ఇనుప రింగుల్లోంచి బెల్టు దూర్చి లాగేది గట్టిది, రోజూ పెట్టుకోవడం కాస్త శ్రమ. పళ్ల పట్టీ టిక్ టిక్ మంటూ బిగిసేది అందరికీ సులువు. మీ ఇద్దరికీ అది సరిపోతుంది. చవక హెల్మెట్లలో ఉండే ప్లాస్టిక్ క్లిప్ వాడేకొద్దీ అరిగి, లాగితే ఊడిపోతుంది. ఏ రకమైనా పెట్టుకోవాలి కదా! పోలీసు కనిపించే చోట తల మీద పెట్టి, బెల్టు వేలాడదీసుకుని వెళ్లేవాళ్లు కోకొల్లలు. బెల్టు పెట్టకపోతే హెల్మెట్ పెట్టుకోనట్టే లెక్క.

ఏది కొనాలంటే, ఐఎస్ఐ గుర్తు లేనిది ముట్టుకోకండి. మన ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని బండి హెల్మెట్లు తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన తాడుకు వేలాడదీసి అమ్ముతూనే ఉన్నారు, వాటి మీద ఐఎస్ఐ స్టిక్కర్ కూడా ఉంటుంది. అసలు గుర్తుకు పైన ప్రమాణం అంకె 4151, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్స్ నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ అనే మొబైల్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్స్ ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో "డాట్" అని గొప్పగా రాస్తారు. అది అమెరికా ప్రమాణం, అక్కడ తయారీదారు తనకు తానే సరిపోయిందని ప్రకటించుకునే పద్ధతి. ఆ స్టిక్కర్ అచ్చు వేయడం ఎవరికైనా సులువు, మన చట్టానికి అది చాలదు కూడా. మీ వారి దాని మీద ఐఎస్ఐ ఉందో లేదో ఒకసారి చూడండి. ఐఎస్ఐతో పాటు యూరప్ ఈసీఈ 22.06 గుర్తు కూడా ఉంటే మంచిదే. అందులో తల మెలితిరిగేలా ఏటవాలుగా తగిలే దెబ్బలకు కూడా పరీక్ష చేరింది. స్టడ్స్, స్టీల్‌బర్డ్, బెళగావిలో తయారయ్యే వేగా, వీటిలో ఐఎస్ఐ ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్లు వెయ్యి, రెండు వేల మధ్యలోనే దొరుకుతాయి. మీ తలకు అతికినట్టు సరిపోయిన పదిహేను వందలది, సరిపోని ఆరు వేలదాని కంటే మేలని నేను ఏ మాత్రం సందేహం లేకుండా చెబుతాను. నల్ల రంగు కంటే తెలుపు, పసుపు లాంటివి రాత్రి లారీ డ్రైవర్లకు త్వరగా కనిపిస్తాయి. ఎంచుకునేటప్పుడు అది కూడా చూసుకోండి.

మీ తమ్ముడి హెల్మెట్ తీసుకోకండి. థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు, ఆ నలుగు పైనుంచి కనిపించదు. డిప్ప మీద చిన్న గీతే ఉన్నా లోపల పని అయిపోయి ఉండొచ్చు. పైగా అది అతని తల ఆకారానికి సర్దుకుపోయిన మెత్తలతో ఉంటుంది, మీకు లూజు కావచ్చు. అతన్ని కూడా దాన్ని వాడొద్దని చెప్పండి. పారేసేముందు బెల్టులు కత్తెరతో కత్తిరించాలి, లేకపోతే చెత్త ఏరుకునేవాళ్ల ద్వారా అది ఇంకో తల మీదకు చేరుతుంది. చేతిలోంచి జారి ఖాళీగా కిందపడిన హెల్మెట్ గురించి మాత్రం అంత టెన్షన్ వద్దు, లోపల తల బరువు ఉండదు కాబట్టి సాధారణంగా థర్మోకోల్ నలగదు. డిప్ప పగిలిందేమో, లోపల ఎక్కడైనా నొక్కుకుందేమో చూసుకుంటే చాలు. ప్రమాదం ఏదీ జరగకపోయినా ఐదేళ్లకు మార్చమని కంపెనీలు చెబుతాయి. చెమట, నూనె, ఎండ కలిసి లోపలి జిగురును, మెత్తలను పాడుచేస్తాయి.

జుట్టు సంగతి. హెల్మెట్ వల్ల బట్టతల రాదు. జుట్టు కుదుళ్లకు ఊపిరి బయటి గాలి నుంచి అందదు, రక్తం నుంచి అందుతుంది. అయితే తడి తల మీద హెల్మెట్ పెట్టడం, బిగించి దువ్విన జుట్టు రోజూ ఒకేచోట లాగబడటం, చెమటకు చుండ్రు పెరగడం వీటివల్ల వెంట్రుకలు తెగుతాయి, రాలుతాయి. తల ఆరాకే పెట్టుకోండి. జడను మెడ దగ్గర కిందికి వదులుగా వేసుకోండి. నడినెత్తిన ముడి, వెనక పెద్ద క్లిప్పు ఉంటే హెల్మెట్ సరిగా కూర్చోదు, పడితే ఆ క్లిప్పే గుచ్చుకుంటుంది. శుక్రవారం పూలు ఆఫీసుకు వెళ్లాక పెట్టుకోవచ్చు. లోపల సన్నటి కాటన్ గుడ్డ ఉంటే చెమట పీలుస్తుంది, దాన్ని రోజూ ఉతకాలి. ఇవి చేసినా రెండు మూడు నెలలు అలాగే రాలుతుంటే చర్మవైద్యులకు చూపించి, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. హెల్మెట్ మీద నేరం మోపి అసలు కారణాన్ని వదిలేయకండి.

వాసనకు కారణం చాలావరకు తల నూనె, ఆరని తడి. లోపలి మెత్తలు ఊడివచ్చే మోడల్ కొంటే సగం బాధ తీరుతుంది. నెలకోసారి వాటిని తీసి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి చేత్తో పిసికి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. మెత్తలు ఊడనిదైతే తడి గుడ్డకు షాంపూ నురగ పట్టించి తుడిచి, మళ్లీ వట్టి తడి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద తలకిందులుగా పెట్టండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ ఎప్పుడూ తగలనివ్వకండి. పైకి మెరుస్తుంది గానీ, డిప్ప ప్లాస్టిక్‌నూ థర్మోకోల్‌నూ అవి తినేస్తాయి. లోపల సెంటు కొట్టడం కూడా వద్దు. సాయంత్రం వానలో తడిసిన హెల్మెట్‌ను స్కూటర్ డిక్కీలో మూసిపెట్టకండి, కింద ఇంజన్ వేడికి, ఆ తడికి తెల్లారేసరికి బూజు వాసన ఖాయం. బండి అద్దానికి తగిలించడం కూడా మానేయండి. అద్దం కొస లోపలి థర్మోకోల్‌లో గుంట చేస్తుంది.

ముందుండే గ్లాసు గురించి ఒకటే గట్టిగా చెబుతాను. మెట్రో పనుల దుమ్ము పట్టిన గ్లాసును పొడి గుడ్డతో, చున్నీ చెంగుతో తుడవకండి. ఆ ఇసుకే గీతలు పెడుతుంది, రాత్రి ఎదురుగా వచ్చే లైట్లు ఆ గీతల మీద పడి కళ్లు చెదిరిపోతాయి. నీళ్లతో తడిపి, దుమ్ము నానాక, మెత్తటి గుడ్డతో అద్దండి. గీతలు ఎక్కువైతే గ్లాసు ఒక్కటే మార్చుకోవచ్చు, కొన్ని వందలే అవుతుంది. నల్ల గ్లాసు సూర్యుడు ఉన్నంతవరకే. వానలో ఆవిరి పట్టకుండా గ్లాసును ఒక్క మెట్టు పైకి తెరిచి ఉంచండి.

ఇక బాబు. నాలుగేళ్లు దాటిన ఎవరికైనా బండి మీద హెల్మెట్ ఉండాల్సిందేనని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. మీవాడికి ఆరేళ్లు కాబట్టి తప్పదు. కానీ ముందు వాణ్ని స్కూటర్ ముందు నిలబెట్టడం ఆపించండి. సడన్ బ్రేక్ పడితే వాడి ముఖం సరిగ్గా హ్యాండిల్‌కు తగిలే ఎత్తులో ఉంటుంది, వాడి వెనక నుంచి తండ్రి బరువంతా వచ్చి పడుతుంది. వెనక కూర్చోబెట్టి, ఫుట్‌రెస్ట్ అందనంత చిన్నవాడు కాబట్టి బండి నడిపేవారికి కలిపి కట్టే బెల్టు జాకెట్ కూడా వేయండి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు అలాంటి బెల్టు, హెల్మెట్ రెండూ ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. మీవాడి వయసు దాటినా ఆ జాగ్రత్త వాడికీ పనికొస్తుంది. పిల్లల సైజుల్లో ఐఎస్ఐ హెల్మెట్లు ఉన్నాయి, వాటిలో తేలికైనది చూడండి, పిల్లల మెడ పెద్ద బరువు మోయలేదు. "ఎదిగే పిల్లాడు, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అని అడగకండి. యూనిఫాం కొన్నట్టు హెల్మెట్ కొనకూడదు. పెద్దవాళ్లకు చెప్పిన పరీక్షలన్నీ వాడికీ చేసి, ఆరు నెలలకోసారి టేపుతో తల కొలిచి, బిగువు ఎక్కువైన రోజున మార్చండి. రంగు మాత్రం వాణ్నే ఎంచుకోనివ్వండి, తనకు నచ్చినదైతే పిల్లవాడు తీయకుండా ఉంచుకుంటాడు.